నచ్చని చిత్రం ఎవరికి నచ్చలేదు?

వ్యాసర్పాడి, పెరంబూరు, పులియంతోపు, కొడుంగైయూరు ప్రాంతాల నుంచి తెలుగు చదవడానికి వచ్చే విద్యార్థులను మీకు నచ్చిన చలనచిత్రం ఏదని అడిగితే రెండు రకాల జవాబులు వస్తాయని మేము చాలాకాలంగా గమనిస్తున్నాం. తరగతి గదిలో వచ్చే జవాబు మాయాబజార్, లేకపోతే శంకరాభరణం. బయట మెట్ల మీద కూర్చున్నప్పుడు వచ్చే జవాబు వేరు. అది ఖలేజా కావచ్చు, ఆరెంజ్ కావచ్చు, యుగానికి ఒక్కడు కావచ్చు. ఈ రెండో జవాబు చెప్పే ముందు వాళ్ళు తప్పకుండా ఒక మాట తగిలిస్తారు: ‘అది ఫ్లాపే గానీ...’ అని. ఆ ‘గానీ’ని గురించే ఈ వ్యాసం.

ఫ్లాప్ అన్న మాట ఇప్పుడు అచ్చతెలుగు మాట అయి కూర్చుంది. కాని అది రసానికి సంబంధించిన మాట కాదని, లెక్కలకు సంబంధించిన మాట అని మరచిపోతున్నాం. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, ఉభయ గోదావరులు, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అని పంపిణీదారులు తెలుగు నేలను పంచుకున్నారు. ఏ ప్రాంతంలో ఎంత పెట్టి కొన్నారు, ఎంత తిరిగి వచ్చింది అన్న కూడికలు తీసివేతల తరువాత పుట్టే తీర్పు అది. ఆ పట్టికలో వ్యాసర్పాడి ఎక్కడుంది? కర్ణాటకకైనా విడిగా ఒక గడి ఉంటుంది గాని చెన్నపట్నం తెలుగువాళ్ళ టికెట్లు ‘మిగిలిన భారతదేశం’ అనే గంపలో పడిపోతాయి. అదే చిత్రాన్ని మనవాడు పక్క వీధి స్నేహితుడితో కలిసి తమిళంలో చూశాడనుకోండి, అప్పుడు అతడు తెలుగు ప్రేక్షకుడుగా ఏ లెక్కకూ రాడు. ఎరుక్కంచేరి హైరోడ్డు పట్టుకుని మూలకడై దాటితే నెల్లూరు దారి వస్తుంది. ఆ దారిన ఒకప్పుడు మిల్లు పనికి, రైలు పనికి, రేవు పనికి వచ్చిన కుటుంబాల మనుమలు వీళ్ళు. తమ లెక్కే లేని తీర్పును తలకెత్తుకుని, తమ ఆనందానికి తామే క్షమాపణ చెప్పుకుంటున్నారు. ఇది మాకు చిన్న విషయంగా కనిపించడం లేదు.

ముందుగా ఒక వర్గీకరణ అవసరం. ప్రేక్షకులు తిరస్కరించినా విమర్శకులు ఆదరించిన చిత్రాలు మనకు చాలా ఉన్నాయి. చివరకు మిగిలేది (1960), బాటసారి (1961), సుడిగుండాలు (1968) ఈ కోవలోవి. వీటికి దిక్కు లేకపోలేదు. సుడిగుండాలు జాతీయ పురస్కారం అందుకుంది. చివరకు మిగిలేది పేరెత్తితే సావిత్రి నటన గురించి నాలుగు పేజీలు రాసేవారు నేటికీ ఉన్నారు. ఇటువంటి చిత్రాన్ని ఇష్టపడడానికి ధైర్యం అక్కరలేదు, పైపెచ్చు దానివల్ల కొంత గౌరవం కూడా దక్కుతుంది. మరొక రకం ఉంది: చిత్రం బాగాలేదు గనుకనే చూసి నవ్వుకోవడం. యువకులు గుంపుగా కూర్చుని చేసే ఈ వినోదాన్ని మేము తప్పుపట్టం గాని, దాన్ని అభిరుచి అనడానికి మనసొప్పదు. వెక్కిరించేవాడు కూడా తీర్పుకు తలవంచినవాడే. అనాథలుగా మిగిలేవి ఇటు పత్రికలవారూ, అటు టికెట్టు కొన్నవారూ ఇద్దరూ పెదవి విరిచిన చిత్రాలు. వాటిని వెక్కిరింత లేకుండా, మామూలుగా, మనసారా ఇష్టపడేవాడి సంగతే మనకు కావలసింది.

ఇటువంటివాడిని అర్థం చేసుకోవడానికి దూరం పోనక్కరలేదు. రసానుభవానికి అడ్డుతగిలే విఘ్నాలు ఏడని అభినవగుప్తుడు నాట్యశాస్త్ర వ్యాఖ్యలో లెక్కపెట్టాడు. మన విద్యార్థులు అలంకారశాస్త్రం పరీక్ష కోసం ఆ పట్టికను వల్లించి మరచిపోతారు. ఏడింటినీ ఇక్కడ ఏకరువు పెట్టబోము. మూడు చాలు. ‘ఇలా జరుగుతుందా’ అన్న అపనమ్మకం మొదటిది, సంభావనావిరహం. రెండోది, చూస్తున్న సుఖదుఃఖాలను ‘ఇవి నావి’ అనో ‘ఇవి ఫలానావాడివి’ అనో ఒక చోటికి, ఒక కాలానికి కట్టివేయడం. మూడోది, ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖాలలో మునిగి ఉండి ఎదుట ఉన్నదాన్ని చూడలేకపోవడం. ఒక్కమాట గమనించండి. ఈ మూడింటిలో మొదటిదాని మందు రచయిత చేతిలో ఉంది. మిగిలిన రెండూ ప్రేక్షకుడు ఇంటి దగ్గర నుంచి వెంట తెచ్చుకునేవి. అంటే చిత్రం నచ్చకపోవడానికి కారణం ప్రతిసారీ చిత్రంలోనే ఉండనక్కరలేదని వెయ్యేళ్ళ క్రితమే ఒక ఆలంకారికుడు ఒప్పుకున్నాడు.

రెండో విఘ్నానికి అతడు చెప్పిన విరుగుడు ఇంకా ఆసక్తికరం. పూర్వరంగం, వేషం, కిరీటం వంటివి నటుడి సొంత రూపాన్ని కప్పివేస్తాయి. కప్పివేస్తేనే ‘వీడు ఫలానా, ఇక్కడివాడు, ఇప్పటివాడు’ అన్న తలపు పోయి పాత్ర కనిపిస్తుంది. మన చలనచిత్రాలలో జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. ఎంత కిరీటం పెట్టినా నటుడు దాగడు. దాగకూడదనే నిర్మాత అతనికి అంత సొమ్ము ఇచ్చాడు. కిందటి చిత్రంలో అతడు చేసినదంతా ఈ చిత్రంలోకి వెంటబెట్టుకుని వస్తాడు. మన ‘ఫ్లాపు’లలో చాలావాటికి మూలం ఇక్కడ ఉందని మా అభిప్రాయం.

చంద్రహారం (1954) సంగతి చూడండి. విజయా సంస్థ 1951లో పాతాళ భైరవి తీసి తెలుగులోనూ తమిళంలోనూ పేరు పొందింది. మూడేళ్ళ తరువాత అదే సంస్థ, అదే ఎన్.టి. రామారావు, అదే ఎస్.వి. రంగారావు, అదే పింగళి, అదే ఘంటసాల సంగీతం, అదే మార్కస్ బార్ట్‌లే ఛాయాగ్రహణంతో మళ్ళీ ఒక జానపదం రెండు భాషల్లోనూ వచ్చింది. దర్శకుడు మాత్రం కొత్త. కమలాకర కామేశ్వరరావుకు అదే మొదటి చిత్రం. అంతకుముందు ఆయన కృష్ణా పత్రికలో చలనచిత్ర సమీక్షలు రాసి పేరు తెచ్చుకున్నవారు. సమీక్షకుడు దర్శకుడై తీసిన తొలి చిత్రమే జనానికి నచ్చకపోవడం విధి చేసిన పరిహాసం అనుకోవాలి. చిత్రం దెబ్బతిన్నది.

ఎందుకు దెబ్బతిన్నది? కథానాయకుడి ప్రాణం ఒక హారంలో ఉంటుంది. ప్రాణం ఎక్కడో దాగి ఉండడం మన పెద్దవాళ్ళ కథలలో పాత మాటే. దాదాపు ఇటువంటి కథ మేరీ ఫ్రేర్ 1868లో అచ్చువేయించిన దక్కను కథల సంపుటంలో చందన్ రాజా పేరుతో ఉంది. హారం పరుల పాలైతే రాజకుమారుడు నిర్జీవుడు. కాబట్టి కథలో కష్టమంతా, పట్టుదల అంతా నాయికది, శ్రీరంజని పాత్రది. రామారావు అందంగా పడి ఉంటారు. తోట రాముడుగా మాంత్రికుడితో తలపడ్డ మనిషి ఇప్పుడు కదలకుండా పడి ఉండడాన్ని 1954 నాటి ప్రేక్షకుడు భరించలేకపోయాడని అందరూ చెప్పే కారణం. నిజమే అయి ఉండాలి. కాని ఇది చంద్రహారంలోని దోషం ఎలా అవుతుంది? ప్రేక్షకుడు చూసింది చందనుణ్ణి కాదు, పనిలేకుండా కూర్చోబెట్టిన తోట రాముణ్ణి.

దీనికి ఎదురు సాక్ష్యం అదే దర్శకుడి దగ్గర ఉంది. 1963లో నర్తనశాల వచ్చింది. అందులో రామారావు కథలో ఎక్కువ భాగం బృహన్నలగా చీరకట్టి నాట్యం నేర్పుతారు. చిత్రం ఘనవిజయం పొందింది. బృహన్నల గాండీవం ఎత్తుతాడని చూసేవాడికి ముందే తెలుసు. లోకప్రసిద్ధమైన కథ, రాముడి వంటి ప్రఖ్యాత నాయకుడు ఉంటే అపనమ్మకం అడ్డురాదని మొదటి విఘ్నానికి అభినవగుప్తుడు చెప్పిన మందు సరిగ్గా ఇదే. చందనుడికి ఆ దన్ను లేదు. అతడు మళ్ళీ లేస్తాడని ఏ పర్వమూ మాట ఇవ్వలేదు.

ఇప్పుడు చంద్రహారం చూసేవాడికి 1951 గుర్తుండదు. మూడేళ్ళ ఎదురుచూపు అతని మీద లేదు. అందుకే అతడు వేరే సంగతులు చూడగలుగుతాడు. మిస్సమ్మ రాకముందు సావిత్రి చంచలగా ఎంత తేలికగా కీడు చేస్తుందో చూస్తాడు. గోఖలే, కళాధర్ల కళాదర్శకత్వంలో నిలిచిన ఆ మందిరాల మీద బార్ట్‌లే వెలుగునీడలు చూస్తాడు. అన్నిటికీ మించి, ఆ రోజుల్లో ఒక జానపద చిత్రం మగవాణ్ణి పడుకోబెట్టి ఆడదాని చేత కథ నడిపించిందని గమనిస్తాడు. మాకు చంద్రహారం ఇష్టం. నడక నెమ్మది అన్న మాటను కాదనలేం. హాస్యం కొన్నిచోట్ల కథకు అతకదు. అయినా పాతాళ భైరవిని చూసి మెచ్చుకుంటాం గాని, చంద్రహారాన్ని చూసి ఆలోచిస్తాం. మేము రెండోదానికి ఓటు వేస్తే నవ్వేవారు నవ్వవచ్చు.

ఇక వ్యాసర్పాడి విద్యార్థికి మరింత దగ్గరి ఉదాహరణకు వద్దాం. 2010 సంక్రాంతికి తమిళంలో ఆయిరత్తిల్ ఒరువన్ వచ్చింది. దర్శకుడు సెల్వరాఘవన్. కార్తి, రీమాసేన్, ఆండ్రియా, పార్థిబన్ నటించారు. పేరు ఎం.జి.ఆర్. 1965 చిత్రం నుంచి తెచ్చుకున్నది. కథ చోళుల పతనంతో, 1279తో మొదలవుతుంది. పాండ్యులకు అందకుండా రాజకుమారుణ్ణి, కులదైవం విగ్రహాన్ని ఎక్కడో దాచేశారు. వాళ్ళ వారసులు ఇప్పటికీ ఆ దాగినచోట ఉన్నారు. వాళ్ళను వెదుక్కుంటూ ఒక బృందం బయలుదేరుతుంది. ఆ బృందం సామాన్లు మోసే కూలీల మేస్త్రీ కార్తి. తమిళనాట మిశ్రమ స్పందన వచ్చింది. సగం దాకా ఆంగ్ల సాహసచిత్రంలా ఉందని, తరువాత ఏమిటో అర్థం కాలేదని చాలామంది అన్నారు. ఆ ఫిబ్రవరిలోనే అది యుగానికి ఒక్కడు పేరుతో తెలుగులోకి వచ్చింది. తెలుగులో బాగా ఆడింది. ఒకే చిత్రం, నెల తిరగక ముందు రెండు తీర్పులు.

దీనికి కారణం తెలుగువారి రసజ్ఞత అని మురిసిపోనక్కరలేదు. తమిళ ప్రేక్షకుడికి చోళుడు అంటే తంజావూరు గోపురం, రాజరాజు, పాఠ్యపుస్తకం, వేదికల మీద ఉపన్యాసం. ఆ చోళుడు ఈ చిత్రంలో మురికి పట్టి, ఆకలితో, రక్తదాహంతో, ఎప్పుడో రావలసిన దూత కోసం వందల ఏళ్ళుగా ఎదురుచూస్తూ కనిపిస్తాడు. పాత తమిళం మాట్లాడతాడు. అర్థమయ్యీ కాని ఆ మాట, చూసేవాణ్ణి తన భాషకే పరాయివాణ్ణి చేసింది. ‘వీళ్ళు మావాళ్ళు’ అన్న తలపు ప్రతి దృశ్యానికీ అడ్డుపడింది. రెండో విఘ్నానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మాకు దొరకలేదు. తెలుగు ప్రేక్షకుడికి ఆ బరువు లేదు. అతనికి అది పాతాళ భైరవి దారిలోని ఒక సాహసకథ. సముద్రం, నరమాంస భక్షకులు, పాములు, ఆకలి, ఊబి అంటూ వరుసగా ఏడు గండాలు (ఇక్కడా ఏడే). ఊబి ఇసుకలో నటరాజు నీడ పడినంత మేరా పరుగెత్తితేనే ప్రాణం దక్కే ఘట్టం చూసి మన పిల్లలు ఈలలు వేశారంటే అందులో ఆశ్చర్యం ఏమీ లేదు.

పక్కమాట ఒకటి. ఆ చివరి చోళులు మనకు బొత్తిగా పరాయివాళ్ళేమీ కారు. 1070లో చోళ సింహాసనం ఎక్కిన మొదటి కులోత్తుంగుడు వేంగి రాజరాజ నరేంద్రుడి కుమారుడు. నన్నయ ఎవరి కోరిక మీద భారతం మొదలుపెట్టాడో ఆ రాజు కొడుకు వంశమే 1279లో అంతరించింది. ఈ సంగతి తెలిసి చూస్తే తెలుగువాడికి కూడా ఆ విఘ్నం అంటుకుంటుందేమో! తెలియకపోవడమే ఆ చిత్రానికి మేలు చేసింది.

మరి వ్యాసర్పాడివాడి మాట? అతడు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడతాడు. చోళుల పాఠం తమిళ పుస్తకంలో చదివాడు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత బడిలో తమిళం తప్పనిసరి అయ్యాక చాలామందికి తెలుగు అక్షరాలు ఇరవయ్యో ఏట గాని చేతికి రాలేదు. అతడు ఈ చిత్రాన్ని రెండు విధాలా చూడగలడు. కూలీల మేస్త్రీగా కార్తిని చూసి తన వీధి మనిషిని గుర్తుపట్టగలడు. నాలుగేళ్ళ తరువాత పా. రంజిత్ తీసిన మద్రాస్ (2014)లో అదే కార్తి వ్యాసర్పాడి గృహసముదాయంలోని యువకుడుగా, ఒక గోడ చుట్టూ జరిగే తగాదాలో కనిపించాడు. అది అందరూ మెచ్చిన చిత్రం గనుక మనకు ఇక్కడ దానితో పనిలేదు. కాని మా విద్యార్థులలో కొందరు మద్రాస్‌ను గౌరవంగానూ, యుగానికి ఒక్కడును ప్రేమగానూ తలచుకుంటారు. ఈ తేడా విమర్శకుడు చెవిపెట్టి వినవలసినది.

యుగానికి ఒక్కడు నిర్దోషం అనడం లేదు. చివరి భాగంలో సైనికులు చోళ స్త్రీల మీద చేసే అత్యాచారాన్ని చూపించిన తీరు మాకు నచ్చలేదు. దుఃఖం కలిగించవలసిన చోట కెమెరా కాస్త ఎక్కువసేపు నిలబడింది. దాగిన జనాన్ని నల్లరంగు పూసి వెర్రివాళ్ళ గుంపుగా చూపడం కూడా ఆక్షేపించదగినదే. ఇష్టపడడం అంటే ఇవి కనిపించకపోవడం కాదు. ‘ఫ్లాప్’ అన్న తీర్పు తెలుసుకుని ఈ దోషాలు చెప్పేవాడికీ, చిత్రాన్ని నాలుగుసార్లు చూసి చెప్పేవాడికీ తేడా ఉంది. రెండోవాడి మాట మీద మాకు నమ్మకం ఎక్కువ.

ఆ 2010 సంవత్సరమే విచిత్రమైనది. అక్టోబరులో ఖలేజా, నవంబరులో ఆరెంజ్ వచ్చి రెండూ దెబ్బతిన్నాయి. ఆరెంజ్‌కు తగిలింది మగధీర (2009) నీడ. గుర్రమెక్కి వందమందిని నరికిన వీరుడు మరుసటి ఏడు వచ్చి, ప్రేమ ఎల్లకాలం నిలవదు అని వాదిస్తూ తిరిగితే ఎవరు వింటారు? చంద్రహారం కథే మళ్ళీ జరిగింది. ఖలేజాలో దేవుడు ఉన్నాడా, లేక ఒక టాక్సీ డ్రైవరు మీద ఊరు తన నమ్మకాన్ని మోపిందా అన్నది తేలకుండానే హాస్యం నడుస్తుంది. ఆ సందిగ్ధం థియేటరులో విసుగు పుట్టించింది. టీవీలో పదేపదే చూసినవాళ్ళకు అదే ఇంపయింది. ఆరెంజ్ 2023 మార్చిలో, యుగానికి ఒక్కడు 2025 మార్చిలో, ఖలేజా అదే ఏడు మే నెలాఖరున మళ్ళీ థియేటర్లకు వచ్చాయి. తమిళంలో ఆయిరత్తిల్ ఒరువన్ 2021 చివరనే మళ్ళీ విడుదలై మొదటిసారి దొరకని ఆదరణ పొందింది. ఈ పునర్విడుదలల సందడిలో అభిమాన సంఘాల పాలు ఎంతో, రసజ్ఞుల పాలు ఎంతో విడదీయడం కష్టం. కేకలు వేయడానికి వచ్చినవాళ్ళను కూడా మేము చూశాం. అయినా మొదటి తీర్పు తుది తీర్పు కాదని చెప్పడానికి ఆ సందడి చాలు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, న్యాయమైనదే. ఏళ్ళ తరువాత దొరికే ఈ ఆదరణ ఎవరిని బతికిస్తుంది? గురుదత్ కాగజ్ కే ఫూల్ (1959) దెబ్బతిన్న తరువాత మరొక చిత్రానికి దర్శకుడుగా తన పేరు వేసుకోలేదు. ఇవాళ దాన్ని ప్రపంచంలోని ఉత్తమ చిత్రాలలో చేర్చి మాట్లాడుతున్నాం. ఆ మాట ఆయనకు అందలేదు. తన సమానధర్ముడు ఎప్పటికైనా పుడతాడని మాలతీమాధవ ప్రస్తావనలో భవభూతి ధైర్యం చెప్పుకున్నాడు గాని, భవభూతికి పంపిణీదారుల అప్పు లేదు. చలనచిత్రం ఆడవలసిన వారం ఆడకపోతే మునిగేది మనుషులు. కాబట్టి దెబ్బతిన్న చిత్రాన్ని ఇష్టపడేవాడు నిర్మాతకు ఏమైనా ఉపకారం చేస్తున్నానని అనుకోరాదు. చేస్తున్నది తనకే.

దెబ్బతిన్నవన్నీ మణులని కూడా ఎవరూ వాదించబోరు. తీసేవాడికే నమ్మకం లేని చిత్రాలు ఏటా పదుల సంఖ్యలో వస్తాయి. వాటికి మొదటి తీర్పే సరైన తీర్పు. వేరుపరచడం ఎలా అంటే మాకు తోచిన పరీక్ష ఒకటుంది: ఎవరికి, ఎప్పుడు, ఏ ఎదురుచూపుతో వచ్చినందువల్ల నచ్చలేదో విడమరచి చెప్పగలమా? చెప్పగలిగి, ఆ ఎదురుచూపును పక్కనపెట్టి చూసినప్పుడు ఇంకా ఏమైనా మిగిలితే, అది చూడదగిన చిత్రం. చంద్రహారంలో మిగులుతుంది. ఆరెంజ్‌లో పాటలు మిగులుతాయి, ప్రేమను గురించిన ఆ చిక్కు ప్రశ్న మిగులుతుంది, మిగతాదాని గురించి మాలో మాకే వాదం ఉంది.

మా విద్యార్థుల ‘గానీ’ ఎక్కడి నుంచి వచ్చిందో మాకు కొంత తెలుసు. వ్యాసర్పాడి తెలుగు విని నవ్వే బంధువులు ప్రతి ఇంటికీ ఉంటారు. సెలవులకు గూడూరో ఒంగోలో వెళ్ళినప్పుడు, మాటలో నాలుగు తమిళ ముక్కలు దొర్లితే ‘అరవ తెలుగు’ అంటారు. అక్కడి నుంచి మొదలై, ఏది మంచి తెలుగో, ఏది మంచి పాటో, ఏది ఆడిన చిత్రమో చెప్పే హక్కు అక్కడివాళ్ళదే అన్న నమ్మకం పిల్లల్లో కుదురుకుంటుంది. ఆ నమ్మకంతో పరీక్షలో మాయాబజార్ మీద వ్యాసం రాస్తే మార్కులు వస్తాయి. అందులో ఒక్క వాక్యం కూడా వాళ్ళది కాదు.

వాళ్ళది అయిన పని ఒకటి ఎదురుగా ఉంది, ఇంతవరకు ఎవరూ చేసినట్టు మా దృష్టికి రాలేదు. ఆయిరత్తిల్ ఒరువన్, యుగానికి ఒక్కడు రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. ఏ దృశ్యం ఏ ప్రతిలో ఎంతసేపు ఉంది, చోళరాజు పాత తమిళం డబ్బింగులో ఎటువంటి తెలుగు అయింది, గ్రాంథికమా, నాటకాల తెలుగా, మామూలు మాటేనా, కార్తి మద్రాసు యాస తెలుగులో ఎక్కడికి పోయింది అన్నవి రాసిపెట్టాలి. చంద్రహారం తెలుగు, తమిళ ప్రతులకూ ఇదే చేయవచ్చు. విజయవాడ విద్యార్థికి ఎంత తెలివి ఉన్నా ఈ పనికి సగం చెవి చాలదు. తంజావూరు విద్యార్థికి మిగతా సగం లేదు. వచ్చే ఏటి లఘు పరిశోధన అంశాలలో దీన్ని చేర్చాం. ముందుకు వచ్చేవారు రెండు ప్రతులూ కనీసం మూడేసిసార్లు చూసి రావాలి.